పెట్టెలో పెట్టిన పెట్టుబడి



మా పెదనాన్నగారు గతించిన పిమ్మట, ఆయన ఇనుప బీరువాలో ఇంటి దస్తావేజులకును జీవితబీమా పత్రములకును నడుమ, పాత పట్టుకండువాలో నాలుగు మడతలుగా చుట్టి భద్రపరచిన చిన్న పెట్టె ఒకటి బయటపడినది. బంగారమేమోనని ఇంటిల్లిపాదియు చుట్టును మూగిరి. మూత తీయగా, గుంటలు గుంటలుగా తొలిచిన పలకలో కూర్చిన నాణెములు కనబడినవి: అరచేతిలో సగమాక్రమించునంతటి యాభై రూపాయల వెండి బిళ్ల, దాని ప్రక్కన పది రూపాయల బిళ్ల, అక్కడనుండి తరగుచు తరగుచు పైసలవరకు దిగిన చిల్లర పరివారము. అది 1974వ సంవత్సరపు ప్రూఫ్ సెట్టు. ఆ యేటి పెద్ద నాణెములమీద ‘నియమిత కుటుంబములు, అందరికిని ఆహారము’ అను అర్థముగల నినాదము ముద్రితమై యున్నది. ఏడుగురు బిడ్డల తండ్రియైన మా పెదనాన్నగారు ఆ నినాదమును ఏ దృష్టితో చదువుకొనిరో నేనెరుగను గాని, సెట్టును మాత్రము ప్రాణపదముగా దాచుకొనిరి. “మీ పెళ్లిళ్లు నేను చూసుకుంటానురా, మనవల చదువులు ఇది చూసుకుంటుంది” అని ఆయన అనుచుండెడివారని మా పెద్దన్నయ్య జ్ఞప్తికి తెచ్చినాడు.

నేనీనాడు మనవి చేయబోవునది ఆ మాటను గురించియే. టంకశాలవారు అందముగా పెట్టెలలో అమర్చి, ప్రత్యేకముగా ధర కట్టి విక్రయించు నాణెముల సెట్టు, ముచ్చటకై కొనువారి సంగతి యటుండనిచ్చి, పెట్టుబడి యని కొనువానికి ఏపాటి ఫలమిచ్చును?

ముందుగా వస్తుస్వరూపము. మన చేతులు మారుచు తిరుగు నాణెము అచ్చునుండి వెలువడి, తోటి నాణెముల గుట్టలో పడి, ఒకదానితో ఒకటి ఒరసికొనుచు, సంచులలో బ్యాంకులకు చేరును. సేకర్తలకై తయారగునది అట్టిది గాదు. వ్యాపారులు యూఎన్‌సీ యని పిలుచు రకము చలామణి నాణెమువంటిదే యైనను, వాడుకలోనికి పోకుండ నేరుగ ప్యాకులోనికి చేరినది. ప్రూఫ్ అనునది వేరొక తరగతి: దానికై అచ్చులను అద్దమువలె మెరుగుపెట్టి, బిళ్లలను ప్రత్యేకముగా శుభ్రపరచి, ఒకటికంటె ఎక్కువ మారులు ఒత్తి ముద్రింతురు; అందువలన నాణెపు తలము దర్పణమువలె నిగనిగలాడుచుండగా, దానిపై బొమ్మ మంచుపొర కప్పినట్లు తెల్లగా తేలి కనబడును. ఇంత శ్రమయు, పెట్టెయు, ముద్రితపత్రమును తోడగుటచేత, అమ్మకపు ధర నాణెముపై వ్రాసియున్న విలువను దాటి చాల దూరము పోవును. ఆ యదనమును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక. మరల దానితో పని కలదు.

టంకశాల మనవారికి క్రొత్తది గాదు. హైదరాబాదు సైఫాబాదునందు 1903లో నెలకొని, 1997లో చర్లపల్లికి తరలిన టంకశాల నాణెములను, సంవత్సరాంకము క్రిందనుండు చిన్న నక్షత్రమును చూచి గుర్తుపట్టవచ్చును. వజ్రాకారపు చుక్క బొంబాయిది. గుండ్రని చుక్క నోయిడాది. ఏ గుర్తును లేనిది కలకత్తాది. మీ చేతిసంచిలోని రూపాయను ఒకమారు త్రిప్పి చూడుడు. ఈ ముచ్చటకు మాత్రము పైస ఖర్చు లేదు.

పెదనాన్నగారి పెట్టెను తీసికొని, కోఠి ప్రాంతమున పాతనాణెముల వ్యాపారము చేయు ఒకరివద్దకు పోయితిని. ఆయన కళ్లద్దములను నుదుటిపైకి నెట్టి, చిన్న భూతద్దమును కంటికానించి, వెండి బిళ్లను అంచులుమాత్రమే తగులునట్లు రెండు వేళ్లతో పట్టుకొని, కిటికీ వెలుతురున అటునిటు వాల్చుచు అరనిమిషము చూచినాడు. “ఎవరో తోమారండి” అన్నాడు.

తోమినది మా పెద్దమ్మ. ఆ వెండి బిళ్లను దీపావళినాడు లక్ష్మీపూజలో పెట్టు ఆచారముండుటచేత, ఆమె ఏటేట దానిని చింతపండుతో రుద్ది, విభూతితో మెరుగుపెట్టి, మెత్తని పంచెగుడ్డతో తుడిచి, భక్తితో మరల పెట్టెలో ఉంచుచుండెడిది. ఇత్తడి చెంబునకు ఆయువు పోయు పరిచర్య ప్రూఫ్ నాణెమునకు ప్రాణాంతకమను సంగతి ఆమెకు ఎవరు చెప్పిరి? దర్పణమువంటి తలముపై వెంట్రుకలకంటె సన్నని గీతలు అల్లిబిల్లిగా అల్లుకొని యున్నవి. భూతద్దము నాకందించి ఆయనయే చూపినాడు. తోమబడని చిన్న నాణెముల గతి మరొక విధము. వానిని కప్పిన ప్లాస్టిక్కు కాలక్రమమున జిడ్డూరి, పచ్చని కిలుము పట్టించినది. పది రూపాయల బిళ్లమీద ఒక బొటనవ్రేలి ముద్ర, సుడులతో సహా, గోధుమవన్నె తిరిగి స్పష్టముగా నిలిచి యున్నది. అది పెదనాన్నగారిదే కావలెను. దానిని చేతబట్టుకొను అధికారము ఇంటిలో మరెవరికిని లేదు.

తరువాత ఆ వ్యాపారి చేసిన పని యొక్కటి నాకు నూరు ఉపన్యాసములకంటె ఎక్కువ బోధించినది. సెట్టునంతయు ప్రక్కకు జరిపి, యాభై రూపాయల బిళ్లనుమాత్రము తీసి చిన్న త్రాసుమీద పెట్టినాడు. తూకము ముప్పదియైదు గ్రాములకు అటునిటుగా తేలినది. “సగం వెండండి ఇందులో. పదిహేడున్నర గ్రాములకి లెక్క కడతాను. మిగతావి ప్యాకు బాగుంటే వేరే మాట. పైసలంటారా, అవి చెల్లను కూడా చెల్లవు” అన్నాడు. ఆయన మాట చాలవరకు నిజమే. 25 పైసలును అంతకు తక్కువవియు 2011 జూన్ 30తో చలామణి కోల్పోయినవి. వానికి ప్రభుత్వము వాగ్దానము చేసిన ముద్రితవిలువ సైతము పెట్టెలోనే కన్నుమూసినది. అంగడి గాజుబల్లలో అటువంటి సెట్టే మరియొకటి కనబడగా ధర యడిగితిని. నాకిచ్చెదనన్నదానికి రెండింతలకు పైబడినది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి! అయినను ఆయనను తప్పుపట్టజాలను. అంగడి అద్దె యున్నది. ఆ సెట్టును కోరి వచ్చువాడు రేపు రావచ్చును, మూడేండ్లకు రావచ్చును. అంతకాలమును దానిని మోయువాడు ఆయనయే గదా. బ్యాంకు వాటాను గాని బంగారపు గొలుసును గాని నేడమ్మి మరునాటికి సొమ్ము చేసికొనవచ్చును. నాణెముల సెట్టును కొనువాడు మనకై ఎక్కడనో పుట్టి, పెరిగి, ఆ సంవత్సరపు సెట్టే కావలెనని కోరుకొని, మన వీధికి రావలసి యున్నది.

ఆ రాత్రి కాగితము పెన్సిలు తీసికొని లెక్క వేసితిని. 1974లో ఆ యాభై రూపాయలను నూటికి ఏడు వంతున చక్రవడ్డీకి వేసియుండినచో, పన్నుల మాట విడిచిన యెడల, యాభై సంవత్సరములకు 1,470 రూపాయల పైచిలుకు కావలసినది. కిలో వెండి లక్ష రూపాయలనుకొన్నచో ఆ బిళ్లలోని 17.5 గ్రాముల వెండి 1,750 రూపాయలు చేయును. పరవాలేదే యని శ్రోతలనవచ్చును. నేనును ఒక క్షణము పెదనాన్నగారి దూరదృష్టికి నమస్కరించితిని. కాని ఆయన ఆ సెట్టును యాభై రూపాయలకు కొనలేదు. తక్కిన నాణెములకును, పెట్టెకును, మెరుగునకును కలిపి సొమ్ము చెల్లించిరి. ఆ యదనమునకు నేడు త్రాసుమీద తూకము లేదు. మరియొక మాట. 1974లో పది గ్రాముల మేలిమి 500 రూపాయల ప్రాంతమున నుండెను గనుక, ఆ యాభై రూపాయలకు ఇంచుమించు ఒక గ్రాము బంగారము వచ్చియుండును. నేడు గ్రాము బంగారపు ధర యెంతయో, ఆడపిల్ల పెండ్లి తలపెట్టిన శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు.

పెరిగినదేదైన నున్నచో అది వెండి పెరుగుదలయే గాని సెట్టు పెరుగుదల గాదు. ఈ భేదము గుర్తింపకపోవుటచేతనే చాలమంది మోసపోవుదురు. ఇటీవలి యుదాహరణము తెలుగువారికందరికును పరిచితమైనది. నందమూరి తారకరామారావుగారి శతజయంతి సందర్భమున 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్మూగారు నూరు రూపాయల స్మారక నాణెమును విడుదల చేసిరి. నలుబదినాలుగు మిల్లీమీటర్ల వ్యాసము, సగము వెండి, తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. చిత్రమేమనగా, ముప్పదియైదు గ్రాముల తూకముతో అది మా పెదనాన్నగారి బిళ్లకు తోబుట్టువువలె నున్నది. పెట్టెలో అమర్చిన దాని వెల నాలుగువేలకు పైబడి యుండెను. ఆనాడు కిలో వెండి సుమారు 80,000 రూపాయలు. అనగా అందలి వెండి 1,400 రూపాయలది. తక్కిన రెండువేల ఆరువందలు దేనికి? అభిమానమునకు. నేనా యభిమానమును తూలనాడుట లేదు. రాముడును కృష్ణుడును ఎట్లుందురో ఆయన ముఖమును చూచి నేర్చుకొన్న తరమువాడను నేను. కాని అభిమానమునకు చెల్లించిన సొమ్మును పెట్టుబడి పద్దులో వ్రాసికొనుట లెక్క తప్పు. అదే నాలుగువేలతో ఆనాడు వట్టి వెండి కొనియుండినచో యాభై గ్రాములు చేతికి వచ్చియుండెడిది. అటుపిమ్మట వెండి ఎంత పెరిగినను, పదిహేడున్నర గ్రాములవానికంటె యాభై గ్రాములవాడు ఎంత ముందుండునో చెప్పుటకు గణితశాస్త్రజ్ఞుడు అక్కరలేదు. పైపెచ్చు, నాణెములోని వెండిని బయటికి తీయవలెనన్న దానిని కరగింపవలెను. 2011వ సంవత్సరపు నాణెముల చట్టము ఆ పనిని నేరముగా పరిగణించుచున్నది.

మరి పాతనాణెములకు వేలు లక్షలు పలుకుచున్నవి గదా, అవి ఎట్లు వచ్చినవని ప్రశ్న. ఇక్కడనే అసలు రహస్యమున్నది. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మతో వెండి రూపాయ వెలువడినది. చక్రవర్తి ధరించిన బిరుదాభరణములో చిన్న ఏనుగు బొమ్మ యొకటి యున్నది. చెక్కినవాని పొరపాటో, చోటు చాలకనో, దాని తొండము కురుచయై, చూచువారికి పందివలె కనబడినది. ముసల్మానులు మిగుల అసహ్యపడిరి. 94 లక్షల నాణెములు ముద్రింపగా, ఏడు లక్షలు జనములోనికి పోయినవి. తక్కినవి మరల మూసలోనికి పోయినవి. మరుసటి యేడు తొండము సాగదీసి క్రొత్త రూపాయ వేసిరి. సేకర్తలు నేటికిని ‘పంది రూపాయ’ యని దానిని వెదకికొనుచుందురు. దానిని ఎవరును మఖమలు పెట్టెలో పెట్టి, ఇది అపురూపము, దాచుకొనుడని అమ్మలేదు. అది అవమానమువలన అపురూపమైనది. అట్లే మన పల్లెలలో కంసాలి కొలిమిలో విక్టోరియా రూపాయలు ఎన్ని కడియములై, మొలత్రాళ్లై, ఉగ్గుగిన్నెలై పోయినవో గణించువారు లేరు. అట్లు పోయినవి పోగా, ఎవరి దృష్టియు పడక ఏ కుండలోనో మిగిలిన నిగనిగలాడు రూపాయకే నేడు విలువ. పోవుటచేత అరుదైనది వేరు, దాచుటకే పుట్టినది వేరు. ఒక వస్తువును కొన్న ప్రతివాడును పట్టుకండువాలో చుట్టి బీరువాలో పెట్టినచో, యాభై యేండ్ల పిమ్మట ప్రతి బీరువానుండియు అది చెక్కుచెదరక బయటికి వచ్చును. అన్ని ఇండ్ల వారసులును ఒకే అంగడికి నడచుదురు.

ఈ సంగతి అమెరికావారు చేతులు కాల్చుకొని తెలిసికొనిరి. 1950లో డెన్వరు టంకశాల ఐదు సెంట్ల నాణెములను 26,30,030 మాత్రమే ముద్రించినది. ఆ దేశమున అది చాల తక్కువ సంఖ్య. వార్త పొక్కినంతనే జనము వానిని ఖర్చుపెట్టుట మాని, బ్యాంకు చుట్టలను చుట్టలుగనే దాచిరి. నలుబది నాణెములుండు ఆ చుట్ట ముఖవిలువ రెండు డాలర్లు. 1964 నాటికి దాని బేరము వేయి డాలర్లు దాటినది. అమ్మవలెనను బుద్ధి అందరికిని ఒక్కమారుగ పుట్టగనే ధర కూలినది. నేడా నాణెమును అరగని స్థితిలో సంపాదించుట సులభము, అరిగినదానిని చూచుటయే కష్టమట! ఆ దేశపు టంకశాలవారు తపాలాద్వారా 2 డాలర్ల 10 సెంట్లకు ప్రూఫ్ సెట్లును అమ్ముచుండెడివారు. 1950లో 51,386 సెట్లు పోయినవి. ముందు కొన్నవారికి లాభము వచ్చినదని విని లోకమంతయు ఎగబడగా, 1957లో ఆ సంఖ్య పన్నెండు లక్షలు దాటినది. మొదటి సంవత్సరపు సెట్టునకు మంచి వెల యున్నది. 1957 సెట్టు మాత్రము నేటికిని అందలి వెండినే నమ్ముకొని బ్రతుకుచున్నది. లాభము వచ్చునని అందరికిని తెలిసిన యేట కొన్నవానికే లాభము రాలేదు.

నాణెములవలన ధనము గడించినవారు లేరా? ఉన్నారు. నేనెరిగినవారిలో ఒకరిద్దరున్నారు. వారు పెట్టెలు కొనువారు కారు. ముప్పది నలుబది యేండ్లు అచ్చుల భేదములను, అక్షరముల వంపులను, అంచుల గాట్లను అభ్యసించి, వ్యాపారి గుర్తింపలేని నాణెమును వ్యాపారివద్దనే కొనగలవారు. 1939వ సంవత్సరపు ఆరవ జార్జి వెండి రూపాయ అత్యంత దుర్లభము. దాని నకళ్లు మాత్రము బహుసులభము. అసలును నకలును చేతిలో పట్టుకొని చెప్పగలవానికి అది పెట్టుబడి. చెప్పలేనివానికి జూదము. వారికి వచ్చినది లాభమా, నలుబది యేండ్ల చదువునకు దక్కిన జీతమా యని నాకు సందేహము.

ఇక మోసముల సంగతి త్వరగా చెప్పి విడుతును. వైష్ణోదేవి బొమ్మగల ఐదు, పది రూపాయల నాణెములున్నచో లక్షలిత్తుమనియు, ముందుగా రిజిస్ట్రేషను రుసుమో పన్నో పంపుడనియు టెలిఫోనులో పలుకు మధురభాషులు బయలుదేరినారు. 2012లో వెలువడిన ఆ నాణెములు నిన్నమొన్నటివరకు కూరగాయల అంగడిలో చిల్లరగా వచ్చినవే. ఇట్టి బేరములతో తమకు సంబంధము లేదనియు, తామెవరినీ రుసుములడుగమనియు రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులోనే ప్రకటించిరి. లక్షలిచ్చువాడు ముందుగా మననుండి వేలెందుకడుగునని ఒక్క క్షణము యోచించిన చాలును.

పెదనాన్నగారి పెట్టెను నేనమ్మలేదు. అన్నదమ్ములందరును కూర్చుండి యోచించి, వచ్చు సొమ్మును ఏడు భాగములు చేసినచో ఎవరి ఆటోఖర్చు కూడ గిట్టదని తేల్చి, దానిని పెద్దన్నయ్యవద్దనే ఉంచిరి.

మా మేనల్లుడొకడు కూకటపల్లిలో ఉన్నాడు. తారకరామారావుగారి నాణెమును విడుదలైన క్రొత్తలో గంటలకొలది నిరీక్షించి సంపాదించినవాడు. “పదేళ్లలో ఎంతవుతుంది మామయ్యా?” అని నన్నడిగినాడు, ఇప్పుడు మీకు చెప్పినదంతయు వానికి చెప్పితిని, వాడు నమ్మలేదు. గడచిన శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునాడు వారింటికి పోయితిని. బంగారము ధర మండిపోవుచున్నదని ఆ యేడు రూపు కొనలేదట. దానికి బదులుగా వాని భార్య కలశము ముందు తమలపాకుపై ఆ వెండి నాణెమును ప్యాకునుండి తీసి పెట్టి, పసుపు రాసి, నడినుదుట గుండ్రముగా కుంకుమ బొట్టు దిద్దినది. కుంకుమ అక్షరముల సందులలోనికి, అంకెల వంపులలోనికి దిగి, నల్లని దర్పణముపై ఎర్రగా మెరయుచున్నది. మా మేనల్లుడు గుమ్మమువద్ద నిలుచుండి దానిని చూచుచున్నాడు. వాని ముఖము చూడదగి యున్నది. తీర్థము పుచ్చుకొనువేళ ఆ పిల్ల నావైపు తిరిగి, “పూజ అయ్యాక చింతపండు పెట్టి కడిగేస్తే పోతుంది కదా బాబాయిగారూ?” అన్నది.